మంచు మీది చేప

"పంజరంలో పెడతారట నన్ను," అంది అమ్మ, గోడవైపు తిరిగి పడుకునే. "పెట్టుకోండి. గింజలు మాత్రం వేయకండి, ముట్టను."

పొద్దున ఇచ్చిన పాలు మీగడ కట్టాయి. మధ్యాహ్నం పెట్టిన అన్నం బిరుసెక్కింది. కంచం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డ పాపకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నలభై దాటినా ఇంట్లో ఆమె పేరు పాపే. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అమర్చే పని కాబట్టి అక్కడివాళ్ళు దానికి ఇంకో ముక్క తగిలించి కంటిపాప అన్నారు. ఊరందరి చూపూ సరిచేసే ఆ మనిషికి, తల్లి ముఖం ఎందుకు గోడవైపు తిరిగిందో మాత్రం అంతుపట్టలేదు.

బతిమాలగా బతిమాలగా సంగతి బయటపడింది. ముందురోజు సాయంత్రం అన్నయ్య ఫోను చేశాడు. అన్నయ్య ఫోనులో మాట్లాడడు, ఫోనుకు ఉపన్యాసమిస్తాడు. "అమ్మకి మంచి వంజరం పెట్టించాలే పాపా" అని అతను అరిస్తే, మందులు మింగి మింగి మందగించిన అమ్మ చెవుల్లోకి అది "అమ్మని మంచి పంజరంలో పెట్టించాలే పాపా" అని దిగింది. ఒక్క అక్షరం పక్కకు జరిగి నీళ్ళలో చేపను తీసుకెళ్ళి పక్షి ఇంట్లో పెట్టింది. అన్నయ్య కొత్తగా కొన్న ఇల్లు ఎక్కడో ఆకాశంలో ఉంది, చుట్టూ ఇనపకమ్మీలు ఉన్నాయి. మిగతా కథ అమ్మే అల్లుకుంది.

విషయం తెలిశాక అమ్మ లేచి కూర్చుంది. చేపా, నేనింకా పిట్టననుకున్నానే అని తనమీద తనే నవ్వుకుంది. ఆ నవ్వు విని పాపకు ప్రాణం లేచొచ్చింది. నెలల తరబడి కాలేయం జబ్బుతో ఆస్పత్రి మంచానికి అతుక్కుపోయిన మనిషి, ఇన్నాళ్ళకు నోరు తెరిచి అడిగింది ఒకే ఒక్కటి: మంచి చేప. ఇంటికి పంపే రోజు ఆస్పత్రిలో అలా అడిగినప్పుడు డాక్టరమ్మ అక్కడే ఉంది. పెట్టండి గాని తాజాది పెట్టండి అంది. గది గుమ్మం దాటాక పాపను ఆపి, గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పింది.

"ఈ కాలేయం ఇంకో దెబ్బ తట్టుకోదు. తిండిలో తేడా వచ్చిందంటే, నా దగ్గరికి తీసుకొచ్చినా నేను చేసేదేం ఉండదు."

ఆ మాట పాప అమ్మకు చెప్పలేదు. భర్తకూ అన్నయ్యకూ మాత్రం చెప్పింది.

అమ్మ నవ్వుతోంది, పాప నవ్వుతోంది. గుమ్మంలో నిలబడ్డ పాప భర్త మాత్రం నవ్వలేదు.

"వంజరం పెట్టిద్దాం అత్తయ్యగారూ," అన్నాడాయన. "మా హోటల్లో మాత్రం కాదు."

*

ఆ మహానగరంలో సముద్రపు తిండి పెట్టే హోటళ్ళకు లెక్కలేదు. వాటన్నిటికీ పెద్దది ఓడ. బోర్డు మీద అసలు పేరు వేరే ఏదో ఉంది గాని, ముందుభాగం ఓడ ఆకారంలో కట్టారు కాబట్టి జనానికి అది ఓడే. యజమాని కూడా భుజాల మీద బంగారు గీతలున్న తెల్లచొక్కా వేసుకుని కెప్టెన్ అని పిలిపించుకుంటాడు. ఆ ఓడ వంటింటికి పెద్ద దిక్కు పాప భర్త. అక్కడ ఆయన మాస్టర్. అలాంటి మనిషి సొంత అత్తగారికి చేప తినిపించడానికి ఊరంతా వెతుకుతున్నాడు. ఓడలో ఉన్నవాడు ఒడ్డు వెతుక్కోవడం ఏమిటని అన్నయ్య గొడవ.

అన్నయ్య రోజుకో హోటలు ఫోనులో చూపించేవాడు. నక్షత్రాలు, ఫొటోలు, తిన్నవాళ్ళ పొగడ్తలు. మాస్టర్ ఒక్కోదాన్ని ఒక్కో ముక్కతో కొట్టిపారేసేవాడు. ఒకచోట మెనూ టెలిఫోన్ డైరెక్టరీలా ఉందట. సముద్రం ఏ రోజూ అన్ని రకాలూ ఇవ్వదు, రోజూ అన్నీ ఉన్నాయనేవాళ్ళు తెచ్చేది సముద్రంలోంచి కాదట. ఇంకోచోట గుమ్మంలోనే సెంటు కొట్టారట. ముక్కుకు ముసుగేస్తున్నారంటే లోపల దాచుకోవాల్సింది ఉందని అర్థమట. మరోచోట అన్నిటి మీదా ఒకటే ఎర్ర సాసట. అది చేపకు కట్టిన బట్ట కాదు, కప్పిన దుప్పటి.

"చూడాల్సింది మొప్పలు బావా, మెప్పులు కాదు," అన్నాడొకసారి.

అన్నయ్యకు ఆ మాట నచ్చింది, మనిషి నచ్చలేదు.

చివరికి మాస్టర్ పాపను స్కూటర్ ఎక్కించుకుని రేవు పక్క సందుకు తీసుకెళ్ళాడు. చేపల హోటల్ని ముందునుంచి చూడకూడదు, వెనకనుంచి చూడాలి అంటూ పెరటివైపు నడిపించాడు. అక్కడ గడపంతా పిల్లులు. ఒక్కొక్కటీ దిండంత ఉంది. తలలూ తోకలూ తిని ఎండలో వెల్లకిలా పడుకున్నాయి. ఇదిగో వీళ్ళే ఇక్కడి ఇన్‌స్పెక్టర్లు, లంచం చేపే అయినా చెడిపోయింది పుచ్చుకోరు అన్నాడు. లోపల నాలుగైదు బల్లలు. మెనూ లేదు. ఏం పెడతారమ్మా అని పాప అడిగితే, పడవలొచ్చాక రేపు చెప్తానంది అక్కడి ఇంటావిడ. ఆ జవాబు విని మాస్టర్ ముఖం విప్పారింది. పాప ఆ ముఖం చూసి చాలాకాలమైంది.

తిరిగొస్తూ దారిలో అడిగింది.

"మీ ఓడలో చేపలకేమైందండీ?"

ఎర్రదీపం దగ్గర స్కూటర్ ఆగింది. దీపం పచ్చగా మారింది. స్కూటర్ కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నా ఆయన వీపు అలాగే బిగుసుకుని ఉండిపోయింది.



*

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. సందులో హోటలన్న మాట వినగానే గొంతు పైకప్పు తాకింది. అమ్మ ఆస్పత్రి నుంచి బతికి బయటపడింది సందుల్లో తిరగడానికా అన్నాడు. పిల్లులు ముద్ర వేసిన తిండి మనుషులకు పెడతారా అన్నాడు. మీ ఓడకు మేం వస్తే నీకు నామోషీ అని చెప్పు, వినేసి పోతాను అన్నాడు. మాస్టర్ వంటగట్టు దగ్గర నిలబడి కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతున్నాడు.

"నీ చేతి వంట ఊరంతా తింటోంది బావా. మీ అత్తగారు తినకూడదా?"

"తినకూడదు."

"ఎందుకు?"

ఎంత పెద్ద చేపకైనా నిమిషంలో ముల్లు తీసే మనిషి, ఒక్క ప్రశ్న గొంతులో ముల్లయి అడ్డంపడితే తీసుకోలేకపోయాడు. గ్లాసు బోర్లించి, చెయ్యి తుడుచుకుని, రేపు నేను సెలవు పెట్టాను, రేవుకు పొద్దున్నే వెళ్ళి చేప నేనే ఎంచి పెడతాను, మీరంతా మధ్యాహ్నానికి వచ్చేయండి అన్నాడు. తన బదులు ఓడలో తెలిసిన వంటాయన్ని పెట్టానన్నాడు. చెయ్యి శుభ్రం, మనసు శుభ్రం ఉన్న మనిషి అన్నాడు. ఆ చివరి మాట అంటూ, తుడిచిన చేతినే మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆయన స్నానానికి వెళ్ళాక అన్నయ్య పాప పక్కకు జరిగాడు. పుట్టాక మొదటిసారి గొంతు తగ్గించాడు.

"అక్కడెవరో ఉన్నారే. మనం చూడకూడనివాళ్ళు."

పాప ఛ అంది. అన్నదే గాని, గాలం వేసి అన్నయ్య వెళ్ళిపోయాడు, కొక్కెం ఆమె లోపల ఉండిపోయింది. ఈమధ్య ఆయన ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా స్నానాలగదిలోకి వెళ్తున్నాడు. చేతులు చాలాసేపు రుద్దుకుంటున్నాడు. చేపల వంటింట్లో రోజంతా నిలబడ్డ మనిషి దగ్గర చేప వాసన రావడం లేదు. వేరే ఏదో వాసన వస్తోంది. ఘాటు సబ్బేమో అనుకుంది ఇన్నాళ్ళూ.

గోడ అవతల నీళ్ళ చప్పుడు ఎంతకూ ఆగలేదు.

*

మర్నాడు అమ్మ నలగని బట్టలు కట్టుకుని, అద్దంలో తన ముఖం తనే గుర్తుపట్టి, కారెక్కింది. వెనకసీట్లో కూర్చుని చిన్నప్పుడు తిన్న చేపలన్నీ వరసపెట్టి తలుచుకుంటోంది. మాస్టర్ పొద్దున్నే రేవుకు వెళ్ళిపోయాడు. అన్నయ్య బండి నడుపుతున్నాడు.

రేవుకు కుడివైపు తిరగాలి. బండి ఎడమకు తిరిగింది.

పాప అన్నయ్యవైపు చూసింది. అన్నయ్య రోడ్డువైపు చూశాడు. బావకు మనమే ఒక చిన్న ఆశ్చర్యం ఇద్దామన్నాడు. దాచిన ఓడలో ఏముందో చూసి, తిని, అప్పుడు ఫోను చేసి రమ్మందామన్నాడు.

"బండి తిప్పన్నయ్యా. ఆయన అక్కడ ఎదురుచూస్తుంటారు."

"తిప్పమంటే తిప్పుతాను. నీకు చూడాలని లేదని ఒక్కసారి చెప్పు."

చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఎర్రదీపం దగ్గర బిగుసుకున్న వీపు కళ్ళముందు నిలిచింది. ఇవాళ చూడకపోతే ఎప్పటికీ తెలియదనిపించింది. పాప ముందుకు తిరిగి సీటు బెల్టు సర్దుకుంది. అన్నయ్య వేగం పెంచాడు. వెనకనుంచి అమ్మ, దగ్గరికొచ్చేశామా అని అడిగింది.

ఓడ ముందు కార్లు నిండిపోయి ఉన్నాయి. అన్నయ్య బండిని వెనక సందులోకి పోనిచ్చి ఆపాడు. పాప దిగి చుట్టూ చూసింది. వంటింటి వెనకతలుపు, పక్కనే చెత్తడబ్బాలు, వాటి అంచున వేలాడుతున్న ఒక చేప తోక. అంత పెద్ద చేపల హోటలు.

ఒక్క పిల్లి లేదు.

*

లోపల చల్లగా ఉంది. హాలు మధ్యలో పొడవాటి చెక్కపడవ, పడవనిండా మంచు, మంచు మీద చేపలు. ఇదీ ఓడ గొప్పతనం. తినబోయే చేపను ఎవరికి వారే ఎంచుకోవచ్చు. వేలు పెట్టి చూపిస్తే దాన్ని వెండిపళ్ళెంలో పెట్టి, చిన్న గంట వాయిస్తూ, అన్ని బల్లల మధ్యనుంచి వంటింట్లోకి ఊరేగిస్తారు. ఎంచుకున్నవాళ్ళ ముఖాలు ఆ నిమిషం వెలిగిపోతాయి. మధ్యాహ్నం కాబట్టి హాలు కిటకిటలాడుతోంది. గంట మోగుతూనే ఉంది.

అమ్మ పడవ అంచు పట్టుకుని చిన్నపిల్లలా అటూ ఇటూ నడిచింది. అన్నిటికన్నా పెద్ద వంజరం దగ్గర ఆగింది.

"దీని కళ్ళు చూడవే. నన్నే చూస్తోంది."

పాప చూసింది. కళ్ళు నిజంగానే మెరుస్తున్నాయి. మెత్తటి గుడ్డతో తుడిచి తను పెట్టెలో సర్దే అద్దాల్లా, చిన్న మరక లేకుండా ఉన్నాయి. రేవులో అప్పుడే పడవ దిగిన చేపల కళ్ళు కూడా ఇంత మెరవవు. వంగి ఇంకొంచెం దగ్గరగా చూసింది. నిమ్మచెక్కల వాసన. దాని కింద ఇంకో వాసన.

ఆ వాసన ఆమెకు తెలుసు. రోజూ రాత్రి తన పక్కన పడుకునే చేతుల వాసన.

వెనక్కు జరిగింది. అప్పటికే అమ్మ వేలు పెట్టింది, అన్నయ్య సరే అన్నాడు, పళ్ళెం వచ్చింది, గంట మోగింది. వంజరం అమ్మ ముందునుంచి కళ్ళు తెరుచుకునే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బల్ల దగ్గర నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషిని పాప లోపలి సంగతి అడిగింది. మాస్టర్ సెలవన్నాడతను. కొత్తాయన మహా చురుకన్నాడు. మాస్టరుంటే లోపలికి వెళ్ళిన చేప బయటికి రావడానికి చాలాసేపు పడుతుందనీ, ఈయన మాత్రం పళ్ళెంలోంచి తీయడమే ఆలస్యం, అదే చేతితో పొయ్యి మీద వేసేస్తున్నాడనీ మెచ్చుకున్నాడు.

పాప లేచి, పడవకు దూరంగా కిటికీ పక్కకు వెళ్ళి ఫోను చేసింది.

అటువైపు సముద్రపు గాలి, ఎవరివో నవ్వులు. ఎక్కడున్నారు, చేప దొరికింది, ఇంతసేపూ తోక కొట్టుకుంది అంటున్నాడాయన, ఉత్సాహంగా. పాప తామెక్కడున్నారో చెప్పింది.

నవ్వులు వెనక్కు వెళ్ళాయి, ఆయన పక్కకు నడిచినట్టుంది.

"చేప ఎంచారా?"

"అమ్మ ఎంచింది. లోపలికి తీసుకెళ్ళారు."

"మంచు మీదిదా?"

"అదే కదా అందరూ ఎంచేది."

ఈసారి ఆయన ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"పాపా, అది నోట్లో పెట్టనీయకు. అమ్మగారినే కాదు, ఎవరినీ. వంటింటికి నేను ఫోను చేస్తాను. ఎత్తకపోతే వచ్చేస్తాను."

"ఎందుకో చెప్పండి."

ఫోను పెట్టేశాడు. వంటింట్లో ఫోను మోగడం తలుపు చాటునుంచి ఆమెకు వినిపించింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ మోగింది. పనిహడావుడిలో ఎవరూ ఎత్తలేదు. దానికన్నా గట్టిగా హాల్లో గంట మోగుతోంది.

*

చేప వచ్చింది. మూత తీయగానే వెన్న, వెల్లుల్లి, నిమ్మ, అన్నీ ఒక్కసారి బల్ల మీద వాలాయి. పక్కబల్లవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. అన్నయ్య వెన్నుముక్క తీసి, ముళ్ళు ఏరి, అమ్మ కంచంలో పెట్టాడు. అమ్మ చెంచా ఎత్తింది.

పాప కంచం లాగేసింది.

అమ్మ చెంచా గాలిలోనే ఉండిపోయింది. నెలలపాటు ఒక్కో గరిట ఒక్కో గరిట బతిమాలి తినిపించిన కూతురు, ఇవాళ కంచం లాక్కుంది. ఆ ముసలి కళ్ళలో కోపం లేదు. అర్థంకాకపోవడం ఒక్కటే ఉంది. దానికన్నా కోపమే నయం.

"ఆయన వచ్చేదాకా వద్దమ్మా."

ఎందుకన్నాడు అన్నయ్య. తెలియదంది పాప. తెలియకుండా తల్లి నోటిముందు కూడు లాగుతావా అన్నాడు. వస్తున్నారు, వచ్చి చెప్తారు, అంతవరకూ ఆగమంది. అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వులో బావమీద వారంరోజుల ఉక్రోషం ఉంది. వాడొచ్చి చెప్పేదేమీ లేదు, వాడికి మనం ఇక్కడుండటం ఇష్టం లేదు అంతే, మనల్ని లేపి పంపేదాకా ఇలాంటివి వంద చెప్తాడన్నాడు.

"వాసన చూడన్నయ్యా. అది చేప వాసన కాదు."

"ఖరీదైన చేప అలాగే ఉంటుంది. నీకు సందు చేప అలవాటు."

పాప అన్నయ్య ముందున్న కంచం కూడా లాగబోయింది. అన్నయ్య దాన్ని తనవైపుకు జరుపుకున్నాడు. పెద్ద ముక్క విరిచి, చెల్లెలి ముఖంలోకి చూస్తూ నోట్లో పెట్టుకుని నమిలాడు. నిదానంగా, కావాలని. మింగాడు. చూశావా, ఏమైందీ అన్నాడు. కొంచెం బిరుసు, అంతే అన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు.

పాప అతని మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు పట్టుకున్నట్టే, రెండు చేతులతో. అతను విదిలించుకుని మూడోది తీసుకున్నాడు. అమ్మ ఇద్దర్నీ మార్చిమార్చి చూస్తోంది. గంట వాయించుకుంటూ ఇంకో పళ్ళెం వాళ్ళ పక్కనుంచే లోపలికి వెళ్ళింది.

తలుపు తోసుకుని మాస్టర్ వచ్చాడు.

వంటింటి తెల్లకోటు లేకుండా, రేవు ఉప్పునీళ్ళతో తడిసిన పంట్లాముతో, ఆయన ఆ హాల్లో ఎవరో దారి తప్పి వచ్చిన మనిషిలా ఉన్నాడు. సూటిగా బల్ల దగ్గరికి వచ్చాడు. ముందు అత్తగారి కంచం చూశాడు, ముట్టినట్టు లేదు. తర్వాత చెంచా చూశాడు, అదీ శుభ్రంగా ఉంది. ఆ తర్వాత బావ కంచం చూశాడు. అక్కడ చేప విరిగి, తగ్గి ఉంది.

కెప్టెన్ అప్పటికే నవ్వు అంటించుకుని వచ్చేశాడు. మాస్టర్ భుజం మీద చెయ్యేసి, లోపల మాట్లాడుకుందాం రమ్మన్నాడు. మాస్టర్ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు, బల్ల మీద సామాను జరిపినట్టు. పాపవైపు ఒక్కసారి చూశాడు. ఇది చెప్పాక ఇంక ఈ ఊళ్ళో తనకు ఏ వంటిల్లూ ఉండదని ఆ చూపులో ఉంది. అంతకన్నా, ఇది విన్నాక నువ్వు నన్నెలా చూస్తావన్నది ఉంది.

తర్వాత హాలంతటికీ వినిపించేలా చెప్పాడు.

"దయచేసి అందరూ తినడం ఆపండి. ఆ మంచు మీద ఉన్న చేపలు తినడానికి కాదు, చూడటానికి. శవాలు పాడవకుండా పూసే మందు పూసి పెడతాం. ఎన్నాళ్ళయినా కన్ను మెరుస్తూనే ఉంటుంది. మీరు ఎంచుకున్నదాన్ని గంట కొట్టి లోపలికి తెస్తారు. తలుపు మూసుకోగానే దాన్ని పక్కన పెట్టేస్తాం. చలిగదిలోంచి అలాంటిదే, ఎప్పటిదో, ఇంకోటి తీసి, వండి, మీకు పంపుతాం. మీరు వెళ్ళాక మొదటిది మళ్ళీ మంచు మీదికి వస్తుంది. ఆ మందు పూసేది నేనే."

కెప్టెన్ రెండు చేతులూ ఎత్తి, మాస్టర్‌కు ఒంట్లో బాగోలేదనీ, జ్వరమనీ, అందరూ నిశ్చింతగా భోంచేయాలనీ మొదలుపెట్టాడు. మాస్టర్ ఆయన మాట పూర్తికానివ్వలేదు.

"ఇవాళ లోపలున్నాయనకు ఇది తెలియదు. చెప్పాల్సింది నేను. ఆయన ముఖం చూసి చెప్పడానికి సిగ్గేసింది. లోపలివాళ్ళు చెప్తారనుకున్నాను. నేను చెప్పే ఉంటానని వాళ్ళు అనుకున్నారు."

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. కొత్త వంటాయన గడపలో నిలబడ్డాడు. బట్టతల, భుజాన తువ్వాలు, చేతిలో ఇంకా గరిటె. మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు. ఎవరికి చెప్పాలో తెలియక మాస్టర్‌కే చెప్పాడు.

"తెచ్చినవి తెచ్చినట్టు వండేశాను మాస్టర్. ఒక్కటి కూడా మార్చలేదు. మార్చాలని నాకెలా తెలుస్తుంది?"

తన బతుకంతా గర్వంగా చెప్పుకున్న మాట ఇదే అయి ఉంటుంది. ఇవాళ అదే మాట నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు.

పాప అన్నయ్యవైపు తిరిగింది. మూడో ముక్క అతని నోట్లోనే ఉంది. దవడ ఆగిపోయింది. మింగలేడు, ఉమ్మలేడు. ఆ పెద్ద గొంతు మనిషి ఊరంతా చూస్తుండగా బుగ్గ ఉబ్బించుకుని, ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు.

అమ్మ చెంచా కింద పెట్టింది. రెండు చేతులూ చాపి, కొడుకు గడ్డం కింద దోసిలి పట్టింది.

"ఉమ్మేయ్ నాన్నా."

అతను ఉమ్మేశాడు. అమ్మ దాన్ని రుమాల్లో చుట్టింది. మింగినవాటి సంగతి అడగలేదు. పాప అప్పటికే డాక్టరమ్మ నంబరు నొక్కుతోంది.

పక్కబల్ల దగ్గర కుర్చీ జరిగింది. ఒకాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన ముందు కంచంలో ముల్లు ఒక్కటే మిగిలి ఉంది, తల నుంచి తోకదాకా శుభ్రంగా. మాస్టర్‌నే చూస్తూ, చాలా మర్యాదగా అన్నాడు.

"మేం కూడా అక్కడే ఎంచుకున్నామండీ."

ఆయన వెనక ఇంకో కుర్చీ జరిగింది. ఆ వెనక ఇంకోటి.